ఓఎస్‌ మొరాయించిందా? కిల్డాల్‌ కథ తెలుసుకోండి

రేపు ఉదయం ఆన్‌లైన్‌ టెస్ట్‌. రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్‌ ఆన్‌ చేస్తే విండోస్‌ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒకటే లైను.. బూట్‌ చేయడానికి డివైస్‌ ఏదీ దొరకలేదని. రెజ్యూమె, ప్రాజెక్ట్‌ రిపోర్టు, సర్టిఫికెట్ల స్కాన్‌ కాపీలు అన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడు మీరేం చేస్తారు? చాలామంది పవర్‌ బటన్‌ నొక్కి పట్టుకుంటారు. మళ్లీ ఆన్‌ చేస్తారు. మళ్లీ నొక్కుతారు. ఈలోపు ఎవరో ఫ్రెండ్‌ ఫార్మాట్‌ కొట్టేయమంటాడు. కొట్టేస్తారు. విండోస్‌ వస్తుంది, ఫైళ్లు మాత్రం రావు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆపరేటింగ్‌ సిస్టమే దొరకనప్పుడు, అది దొరకలేదన్న సంగతి తెర మీద రాసిందెవరు? అంటే విండోస్‌ కింద ఇంకేదో ఉంది. అది పనిచేస్తోంది. కీబోర్డును చదువుతోంది, తెర మీద రాస్తోంది, డిస్క్‌ను వెతుకుతోంది. దాన్నే బయోస్‌ అంటారు. ఇప్పటి మెషీన్లలో ఆ స్థానంలోకి యూఈఎఫ్‌ఐ వచ్చింది కానీ, సర్వీస్‌ సెంటర్‌ కుర్రాడి దగ్గర్నుంచి ఇంటర్వ్యూ బోర్డు దాకా అందరి నోట ఇంకా బయోస్‌ అనే మాటే. ఆ మాటనూ, దాని వెనకున్న ఆలోచననూ చిన్న కంప్యూటర్లలోకి తెచ్చిన మనిషి గ్యారీ కిల్డాల్‌. 1994లో, 52 ఏళ్లకే చనిపోయారు. బిల్‌ గేట్స్‌ కథ మీలో సగం మందికి కంఠతా వచ్చి ఉంటుంది. ఈయన కథ కూడా తెలిసి ఉండాలి. ముఖ్యంగా డెస్క్‌టాప్‌ సపోర్ట్‌, సిస్టమ్‌ అడ్మిన్‌, క్లౌడ్‌ ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లకు. ఎందుకంటే కంప్యూటర్‌ ఎలా లేస్తుంది, లేవకపోతే ఎలా లేపాలి అన్న ప్రశ్నకు జవాబు ఈయన జీవితంలోనే ఉంది.

ఓడల బడి నుంచి చిప్‌ దాకా

గ్యారీ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టారు. సముద్రంతో బతికే ఊరు అది. వాళ్ల కుటుంబానికి ఓ బడి ఉండేది. అ ఆలు నేర్పే బడి కాదు, ఓడలు నడిపేవాళ్లకు నావిగేషన్‌ నేర్పే బడి. తాతగారు మొదలుపెట్టారు, తండ్రి నడిపారు. హైస్కూల్లో గ్యారీ మార్కులు అంతంతమాత్రమే. అయినా కుటుంబం బడిలో తనూ పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు అవుదామనుకుని యూనివర్సిటీ ఆఫ్‌ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్‌ కనిపించింది. ఇంకేముంది, లెక్కల మాస్టారు ఉద్యోగం అక్కడే ఆగిపోయింది.

అప్పట్లో అమెరికాలో యువకులకు నిర్బంధ సైనిక సేవ ఉండేది. ఆ బాధ్యత కింద ఆయనకు కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న నేవల్‌ పోస్ట్‌గ్రాడ్యుయేట్‌ స్కూల్‌లో పాఠాలు చెప్పే పని దొరికింది. ఒకపక్క బోధన, ఇంకోపక్క రీసెర్చ్‌. 1972లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. కంపైలర్‌ డిజైన్‌ సబ్జెక్టు చదివినవాళ్లకు డేటా ఫ్లో ఎనాలిసిస్‌ అన్న చాప్టర్‌ గుర్తుండే ఉంటుంది. పరీక్షల ముందు రాత్రి అందరూ వదిలేసే చాప్టర్‌! అందులో ఆయన 1973లో ప్రచురించిన పద్ధతికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ ఒక్క పేపర్‌తోనే మంచి ప్రొఫెసర్‌గా స్థిరపడిపోవచ్చు. ఆయన స్థిరపడలేదు.

1971లో ఇంటెల్‌ 4004 అనే చిప్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అది మొదట ఓ జపాన్‌ కంపెనీ కాలిక్యులేటర్‌ కోసం తయారైన చిప్‌. యూనివర్సిటీల్లో గదులంత కంప్యూటర్లు ఉన్న రోజుల్లో దాన్ని కంప్యూటర్‌గా లెక్కచేసినవాళ్లు తక్కువ. గ్యారీ ఒకటి కొనుక్కుని ప్రోగ్రాములు రాయడం మొదలెట్టారు. ఇంకా తెలుసుకోవాలని, కాలేజీ లేని రోజుల్లో ఇంటెల్‌కు వెళ్లి కన్సల్టెంట్‌గా పనిచేశారు. ఆ పనికి నోటిఫికేషన్‌ లేదు, సిలబస్‌ లేదు, చేసినవాళ్లూ ఎవరూ లేరు. ఇంటెల్‌ చిప్‌లకు ప్రోగ్రాములు రాయడానికి పీఎల్‌/ఎం అనే భాషను ఆయనే తయారుచేసి ఇచ్చారు.

ఫ్లాపీ తెచ్చిన తంటా

ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్‌కు ప్రోగ్రామ్‌ ఎక్కించాలంటే చిల్లులు పొడిచిన కాగితపు టేపును టెలిటైప్‌ మెషీన్‌లో నడపాలి. నత్తనడక. టేపు చిరిగితే మళ్లీ మొదటికి. అదే సమయంలో ఫ్లాపీ డిస్క్‌ వచ్చింది. ఎనిమిది అంగుళాలది, సుమారు 250 కేబీ పట్టేది. గ్యారీ షుగార్ట్‌ కంపెనీ డ్రైవ్‌ ఒకటి సంపాదించారు. కానీ దాన్ని ఇంటెల్‌ మెషీన్‌కు కలిపే సర్క్యూట్‌ చేయడం ఆయన వల్ల కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో దిట్టే గానీ సోల్డరింగ్‌లో కాదు. చివరికి యూనివర్సిటీ నాటి స్నేహితుడు జాన్‌ టొరోడ్‌ ఆ కంట్రోలర్‌ తయారుచేశారు. 1974లో, పసిఫిక్‌ గ్రోవ్‌ అనే చిన్న ఊళ్లో, ఇంటి వెనక పనిముట్లు పెట్టుకునే షెడ్‌లో అది పనిచేసింది. డిస్క్‌ మీద ఫైళ్లను రాయడానికి, చదవడానికి, వెతకడానికి ఆయన రాసిన ప్రోగ్రామే సీపీ/ఎం. మైక్రోప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్లకు నిజంగా నిలబడిన తొలి ఆపరేటింగ్‌ సిస్టమ్‌ అది.

దాన్ని ముందు ఇంటెల్‌కే చూపించారు. వాళ్లు పీఎల్‌/ఎం భాషను తీసుకున్నారు కానీ సీపీ/ఎం మీద ఆసక్తి చూపలేదు. అప్పుడు భార్య డొరతీతో కలిసి సొంత కంపెనీ పెట్టారు. పేరు ఇంటర్‌గెలాక్టిక్‌ డిజిటల్‌ రీసెర్చ్‌! పేరులో నక్షత్ర మండలాలు, ఆఫీసు మాత్రం ఇల్లే. తర్వాత ముందుమాట తీసేసి డిజిటల్‌ రీసెర్చ్‌ అన్నారు. కోడ్‌ పని గ్యారీది, వ్యాపారం పని డొరతీది. పోస్టులో 70 డాలర్లకు సీపీ/ఎం అమ్మేవారు. 1976లో ఆయన బోధన ఉద్యోగం మానేశారు.

విసుగులో పుట్టిన బయోస్‌

ఇక్కడో చిక్కు వచ్చింది. ఆ కాలంలో ప్రతి కంపెనీ కంప్యూటర్‌ వేరు. డిస్క్‌ కంట్రోలర్‌ వేరు, తెర వేరు, కీబోర్డును చదివే పద్ధతి వేరు. కొత్త మెషీన్‌ వచ్చినప్పుడల్లా సీపీ/ఎం మొత్తం వెతికి, హార్డ్‌వేర్‌ను ముట్టుకునే ప్రతి చోటా మార్చి రాయాలి. ఐఎంసాయ్‌ అనే కంపెనీ తన మెషీన్‌కు సీపీ/ఎం కావాలని వచ్చేసరికి గ్యారీకి ఈ పని మీద విసుగొచ్చేసింది. హార్డ్‌వేర్‌తో మాట్లాడే చిన్న చిన్న ముక్కలన్నిటినీ ఏరి ఒక్కచోట పెట్టారు. ఒక అక్షరం చదువు, ఒక అక్షరం రాయి, డిస్క్‌లో ఫలానా ట్రాక్‌కి వెళ్లు, ఒక సెక్టార్‌ తీసుకురా.. ఇలాంటి పనులు. ఆ ముక్కకు బేసిక్‌ ఇన్‌పుట్‌ అవుట్‌పుట్‌ సిస్టమ్‌ అని పేరు పెట్టారు. పొట్టిగా బయోస్‌. మిగతా సీపీ/ఎం అంతా ఏ మెషీన్‌ మీదైనా అదే. కొత్త కంప్యూటర్‌ తయారుచేసినవాళ్లు తమ బయోస్‌ తామే రాసుకుంటే చాలు.

చూడ్డానికి చిన్న మార్పు. దాని ఫలితం చూడండి. సీపీ/ఎం చివరికి సుమారు 3,000 రకాల కంప్యూటర్ల మీద నడిచింది. ఒక మెషీన్‌ కోసం రాసిన వర్డ్‌ ప్రాసెసర్‌, అకౌంట్ల ప్రోగ్రామ్‌ మరో మెషీన్‌ మీదా నడవడం మొదలైంది. సాఫ్ట్‌వేర్‌ను డబ్బాలో పెట్టి అమ్మే వ్యాపారానికి చోటు దొరికింది అక్కడే. ఆపిల్‌ టూ కంప్యూటర్‌లో సీపీ/ఎం నడపడానికి 1980లో ఒక కార్డు వచ్చింది. దాన్ని అమ్మిన కంపెనీ ఏదో తెలుసా? మైక్రోసాఫ్ట్‌!

వార్మ్‌ బూట్‌లో ఉంది అసలు కిటుకు

ఇప్పుడు మన విషయానికి దగ్గరగా వచ్చాం. కాస్త నిదానంగా చదవండి.

సీపీ/ఎంలో మూడు భాగాలు. మీరు కొట్టిన కమాండ్‌ను చదివేది సీసీపీ. ఫైళ్ల వ్యవహారం చూసేది బీడాస్‌. అన్నిటికంటే అడుగున ఉండేది బయోస్‌. ఇంటెల్‌ 8080 చిప్‌కు అందే మెమరీ మొత్తం 64 కేబీ. మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో మూడు భాగాలు సర్దుకోవాలి, వాటితోపాటు యూజర్‌ ప్రోగ్రామూ ఉండాలి. అందుకని గ్యారీ ఓ ఏర్పాటు చేశారు. చోటు చాలకపోతే ప్రోగ్రామ్‌ వెళ్లి సీసీపీ ఉన్న చోటు కూడా వాడేసుకోవచ్చు. అంటే ఆపరేటింగ్‌ సిస్టమ్‌లో ఒక భాగం చెరిగిపోయినట్టే. పర్లేదు. ప్రోగ్రామ్‌ పని ముగిశాక బయోస్‌ రంగంలోకి దిగి, ఫ్లాపీ మొదటి రెండు ట్రాకుల్లో భద్రంగా ఉన్న అసలు ప్రతి నుంచి సీసీపీని, బీడాస్‌ను తాజాగా మెమరీలోకి తెస్తుంది. దీన్నే వార్మ్‌ బూట్‌ అన్నారు. కమాండ్‌ లైన్‌ మొదట్లో కంట్రోల్‌, సీ కలిపి నొక్కినా ఇదే జరుగుతుంది. మెమరీలో సున్నా అడ్రస్‌ దగ్గర, నేరుగా వార్మ్‌ బూట్‌కి తీసుకెళ్లే ఒక జంప్‌ ఇన్‌స్ట్రక్షన్‌ ఎప్పుడూ ఉండేది. ఎటు పోవాలో తెలియని ప్రోగ్రామ్‌కు ఇంటి దారి అన్నమాట.

అంటే ఆపరేటింగ్‌ సిస్టమ్‌ పాడవడాన్ని గ్యారీ ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపదగా చూడలేదు. రోజుకు పదిసార్లు జరిగే పనిగా చూశారు. చెడిపోని పొర ఒకటి కింద ఉంచి, చెడిపోయేదాన్ని మళ్లీ తెచ్చుకునే దారి ముందే వేసిపెట్టారు.

ఇంకో సంగతి. వార్మ్‌ బూట్‌ సిస్టమ్‌ భాగాలనే మళ్లీ తెస్తుంది. ప్రోగ్రామ్‌, దాని డేటా ఉన్న చోటును ముట్టుకోదు. ఈ గుణం తెలిసినవాళ్లు ఒక కిటుకు వాడేవారు. టైప్‌ చేసిందంతా దాచుకోకుండా పొరపాటున ప్రోగ్రామ్‌ నుంచి బయటికొచ్చేశారనుకోండి. కంగారుపడి ఇంకో ప్రోగ్రామ్‌ నడిపితే అంతా పోయినట్టే. ఏమీ నడపకుండా సేవ్‌ అనే కమాండ్‌ కొట్టి, 256 బైట్ల లెక్కన ఎన్ని పేజీలు కావాలో చెబితే మెమరీలో మిగిలింది మిగిలినట్టు డిస్క్‌ మీద ఫైలుగా చేరేది. ఈ కాలంలో డిలీట్‌ అయిన ఫైళ్లు కావాలంటే ముందు ఆ డిస్క్‌ మీద ఇంకేమీ రాయకండి అని చెబుతారు కదా. రెండూ ఒకటే జాగ్రత్త.

మరి ఫ్లాపీలో ఆ మొదటి రెండు ట్రాకులే చెడిపోతే? కంప్యూటర్‌ లేవదు. దానికీ మందు ఉంది. బాగున్న మరో ఫ్లాపీతో మెషీన్‌ను లేపి, సిస్‌జెన్‌ అనే చిన్న ప్రోగ్రామ్‌ నడిపితే, అది సిస్టమ్‌ ట్రాకులను మాత్రమే చెడిన ఫ్లాపీ మీద మళ్లీ రాసేది. వెనకున్న ఫైళ్ల జోలికి పోదు. సిస్టమ్‌ ఒకచోట, మీ ఫైళ్లు ఇంకోచోట ఉంచడం వల్లే ఇది కుదిరింది. మొదట్లో చెప్పుకున్న ఫార్మాట్‌ సలహాను ఒకసారి దీని పక్కన పెట్టి చూడండి.

సీపీ/ఎం తప్పులు లేనిదేం కాదు. డ్రైవ్‌లో ఫ్లాపీ మార్చి కంట్రోల్‌ సీ నొక్కడం మర్చిపోతే, రాయబోయినప్పుడు అది ఆ డిస్క్‌ను చదవడానికి మాత్రమే అని మొండికేసి ఎర్రర్‌ ఇచ్చేది. మార్చిన సంగతి తెలియక పాత డిస్క్‌ లెక్కల ప్రకారం కొత్త డిస్క్‌ మీద రాసేయకుండా ఆ కాపలా. చేసిన పని పోగొట్టుకుని తిట్టుకున్నవాళ్లు ఎందరో! ఎర్రర్‌ మెసేజ్‌లు కూడా ముక్తసరిగా, మనిషికి అర్థం కాకుండా ఉండేవి. ఈ విషయంలో మాత్రం గ్యారీని వెనకేసుకు రాలేం.

మీ ల్యాప్‌టాప్‌ దగ్గరికి వద్దాం

ఇదే పొరల లెక్కతో మీ మెషీన్‌ను చూడండి. మొదటి ప్రశ్న.. ఎక్కడిదాకా వచ్చి ఆగింది? ఆన్‌ చేయగానే కంపెనీ లోగో కూడా రాకపోతే, బీప్‌ శబ్దాలు వస్తే విషయం హార్డ్‌వేర్‌లో ఉంది. ర్యామ్‌ వదులైనా అలా జరుగుతుంది. లోగో వచ్చి, బూట్‌ డివైస్‌ లేదన్న మెసేజ్‌ వస్తే బయోస్‌ బాగానే ఉంది, దానికి ఓఎస్‌ దొరకడం లేదు. ముందు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేయండి. చాలాసార్లు మెషీన్‌ ఆ పెన్‌డ్రైవ్‌ నుంచి లేవబోయి బోర్లా పడుతుంది. తర్వాత మళ్లీ ఆన్‌ చేసి వెంటనే ఎఫ్‌2 గానీ డిలీట్‌ గానీ నొక్కుతూ బయోస్‌ సెటప్‌లోకి వెళ్లండి. కంపెనీని బట్టి కీ మారుతుంది. అక్కడ మీ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందా? కనిపిస్తే బూట్‌ ఆర్డర్‌ మారిపోయిందో, బూట్‌లోడర్‌ దెబ్బతిందో. కనిపించకపోతే డ్రైవ్‌ వదులై ఉండాలి, లేదా పోయి ఉండాలి. అలాంటప్పుడు పదేపదే ఆన్‌ చేసి చూడటం వల్ల మేలు లేదు, కీడే.

విండోస్‌ లోగో దాకా వచ్చి చుక్కలు తిరుగుతూనే ఉన్నా, నీలం తెర పడుతున్నా అది పై పొర జబ్బు. వరసగా రెండు మూడుసార్లు బూట్‌ మధ్యలో ఆగిపోతే విండోస్‌ తనంతట తనే రికవరీ తెరను తెస్తుంది. అందులో స్టార్టప్‌ రిపేర్‌, చివరగా వేసిన అప్‌డేట్‌ తీసేయడం, సిస్టమ్‌ రీస్టోర్‌, సేఫ్‌ మోడ్‌ ఉంటాయి. సేఫ్‌ మోడ్‌ అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే లేవడం. అందులో లేచిందంటే తర్వాత వేసిన డ్రైవరో ప్రోగ్రామో తంటా పెడుతోందని అర్థం.

అయితే రిపేర్‌కు ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఫైళ్లు బయటికి తెచ్చుకోవడం. ఫ్రెండ్‌ కంప్యూటర్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్‌ తయారుచేసుకోండి. మీ మెషీన్‌లో బూట్‌ మెనూ తెరిచి దాని నుంచి లేపండి. ఇన్‌స్టాల్‌ అన్నది నొక్కకుండా, ట్రై అన్నది ఎంచుకోండి. మీ విండోస్‌ డ్రైవ్‌ కనిపిస్తుంది. కావాల్సినవి వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బాగున్న ఇంకో ఫ్లాపీతో మెషీన్‌ను లేపడం అన్నాం చూశారూ.. అదే పని, ఫ్లాపీ బదులు పెన్‌డ్రైవ్‌. ఒక మెలిక మాత్రం కొత్తది. డ్రైవ్‌కు బిట్‌లాకర్‌ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి తమ ల్యాప్‌టాప్‌కు అది ఉందన్న సంగతే తెలియదు. సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌లో ఉంటుంది. మెషీన్‌ బాగున్న రోజే చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇది ఒక్క ల్యాప్‌టాప్‌ గొడవ అనుకోకండి. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్‌ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా విండోస్‌ మెషీన్లు నీలం తెర వేసి కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్‌ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల మెషీన్లు. ఆ రోజు హైదరాబాద్‌ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్‌ పాస్‌ ఫొటో దేశమంతా తిరిగింది. మందు ఏమిటంటే.. సేఫ్‌ మోడ్‌లోనో రికవరీ తెరలోనో లేపి, ఆ ఒక్క చెడ్డ ఫైలు తీసేయడం. లేవని మెషీన్‌కు నెట్‌లో అప్‌డేట్‌ పంపితే అందదు కదా! సపోర్ట్‌ ఇంజినీర్లు చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్‌ ముందుకు వెళ్లి చేత్తో చేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్‌ కీలు దగ్గర లేనివాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. క్లౌడ్‌ సర్వర్లకు కీబోర్డు ఉండదు కాబట్టి, పాడైన సర్వర్‌ డిస్క్‌ను విడదీసి, బాగున్న సర్వర్‌కు తగిలించి, ఫైలు తీసేసి, మళ్లీ వెనక్కి తగిలించారు. ఇంటర్వ్యూలో సర్వర్‌ బూట్‌ కాకపోతే ఏం చేస్తారని అడిగితే, కమాండ్ల పేర్లు అప్పజెప్పేవాళ్ల కంటే ఏ పొర దాకా వచ్చి ఆగిందో ముందు చూస్తాననేవాళ్లకే మార్కులు పడతాయి.

గ్యారీ శిష్యుల్లో ఒకరి సంగతి ఇక్కడే చెప్పాలి. నేవల్‌ స్కూల్‌లో ఆయన దగ్గర చదివిన గోర్డన్‌ యూబ్యాంక్స్‌ థీసిస్‌ కోసం ఒక బేసిక్‌ కంపైలర్‌ రాశారు. తర్వాత సిమాంటెక్‌ కంపెనీని నడిపారు. 1990లో పీటర్‌ నార్టన్‌ కంపెనీని సిమాంటెక్‌ కలుపుకుంది ఆయన హయాంలోనే. డిలీట్‌ చేసిన ఫైళ్లను వెనక్కి తెచ్చే టూల్స్‌తో పేరు తెచ్చుకున్న నార్టన్‌ అదే.

ఐబీఎం వచ్చిన రోజు

గ్యారీ పేరు చెబితే అందరూ చెప్పే కథ ఒకటుంది. 1980లో ఐబీఎం తన పర్సనల్‌ కంప్యూటర్‌కు ఆపరేటింగ్‌ సిస్టమ్‌ వెతుకుతూ ముందు మైక్రోసాఫ్ట్‌ దగ్గరికెళ్లింది. అప్పటికి వాళ్ల దగ్గర అలాంటిది లేదు. గేట్స్‌ వాళ్లను డిజిటల్‌ రీసెర్చ్‌కు పంపారు. ఐబీఎం మనుషులు వచ్చిన ఉదయం గ్యారీ తన సొంత విమానంలో వేరే పని మీద వెళ్లారు. ఇంట్లో వ్యాపారం చూసే డొరతీతో మాటలు మొదలయ్యాయి. ఐబీఎం ముందు ఓ గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టమంది. అన్ని షరతులూ ఐబీఎంకు అనుకూలంగా ఉన్న కాగితం. లాయర్‌తో మాట్లాడిన డొరతీ వెంటనే సంతకం పెట్టలేదు. మధ్యాహ్నం గ్యారీ తిరిగొచ్చాక ఏం జరిగిందన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఒప్పందం మాత్రం కుదరలేదు.

విమానంలో షికారుకెళ్లి కోట్లు పోగొట్టుకున్నాడు అని ఈ కథను మోటివేషన్‌ క్లాసుల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. ఆయన వెళ్లింది వ్యాపారం పని మీదే. ఐబీఎంతో మాట్లాడాల్సిన మనిషి, అంటే డొరతీ, ఆఫీసులోనే ఉన్నారు. వేరే చిన్న కంపెనీల ఒప్పందాలన్నీ ఆమె చూసుకున్నవే.

ఐబీఎం మళ్లీ మైక్రోసాఫ్ట్‌ దగ్గరికెళ్లింది. సియాటెల్‌లోనే ఓ చిన్న కంపెనీలో టిమ్‌ ప్యాటర్సన్‌ అనే ఇంజినీర్‌, సీపీ/ఎంను పోలిన ఒక ఆపరేటింగ్‌ సిస్టమ్‌ రాశారు. ప్రోగ్రాములు సిస్టమ్‌ను పిలిచే తీరు చాలావరకు అదే. మైక్రోసాఫ్ట్‌ దాన్ని ముందు లైసెన్స్‌కు తీసుకుంది, తర్వాత 50 వేల డాలర్లిచ్చి పూర్తి హక్కులు కొనేసింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. సీపీ/ఎంతో పోలిక చూసి గ్యారీ గొడవపడ్డారు. సాఫ్ట్‌వేర్‌ కాపీరైట్‌ చట్టం అప్పటికి ఇంకా తేటపడలేదు. కేసు వేయకుండా ఉంటే తన మెషీన్‌తో సీపీ/ఎం కూడా అమ్ముతానని ఐబీఎం ఒప్పుకుంది. అమ్మింది కూడా. పీసీ డాస్‌ 40 డాలర్లు, సీపీ/ఎం 240 డాలర్లు. మీరైతే ఏది కొంటారు?

ఓడినవాడి ఆనవాళ్లు గెలిచిన మెషీన్‌లోనే ఉండిపోవడం ఇందులో విశేషం. ఐబీఎం పీసీలో చిప్‌ మీద అచ్చేసిన పొరకు పేరు బయోస్‌. డిస్క్‌లకు ఏ, బీ అన్న అక్షరాలు సీపీ/ఎం నుంచే పీసీకి వచ్చాయి. రెండు ఫ్లాపీలకు ఆ రెండక్షరాలు పోగా హార్డ్‌ డిస్క్‌కు మిగిలింది సీ. మీ విండోస్‌ ఇప్పటికీ సీ డ్రైవ్‌లో ఉండటానికి కారణం అదే. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు.. అదీ సీపీ/ఎం నుంచి వచ్చిందే.

తర్వాతి ఏళ్లు

కంపెనీ వెంటనే మూతపడలేదు. ఒకేసారి ఎక్కువ ప్రోగ్రాములు నడిపే సిస్టమ్‌లు, మౌస్‌తో పనిచేసే జెమ్‌, 1988లో డీఆర్‌ డాస్‌ తెచ్చింది. 1991లో నోవెల్‌ కంపెనీ డిజిటల్‌ రీసెర్చ్‌ను కొనేసింది. గ్యారీకి డబ్బుకు లోటు రాలేదు. 1983 నుంచి కొన్నేళ్లు కంప్యూటర్‌ క్రానికల్స్‌ అనే టీవీ కార్యక్రమంలో సహ వ్యాఖ్యాతగా కొత్త మెషీన్లను జనానికి పరిచయం చేశారు. ఇంకో కంపెనీ పెట్టి, 1985లో గ్రోలియర్‌ ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని ఒక్క సీడీ మీదికి తెచ్చారు.

లోపల మాత్రం ఆ గాయం మానలేదు. ఎక్కడికెళ్లినా ఐబీఎం రోజు గురించే అడిగేవారు. డొరతీతో విడాకులయ్యాయి. తాగుడు పెరిగింది. 1994 జులైలో మాంటెరేలోని ఓ బార్‌లో తలకు దెబ్బ తగిలింది. అసలేం జరిగిందో తేలలేదు. మూడు రోజుల తర్వాత, జులై 11న చనిపోయారు. తన జీవితం గురించి ఆయన రాసిపెట్టిన ప్రతిలో మొదటి భాగాన్ని 2016లో పిల్లల అనుమతితో కాలిఫోర్నియాలోని కంప్యూటర్‌ హిస్టరీ మ్యూజియం విడుదల చేసింది. చివరి అధ్యాయాల్లో తాగుడు మాట్లాడుతోంది తప్ప తమ తండ్రి కాదన్న ఉద్దేశంతో కుటుంబం వాటిని బయటపెట్టలేదు.

2014 ఏప్రిల్‌లో పసిఫిక్‌ గ్రోవ్‌లోని లైట్‌హౌస్‌ అవెన్యూలో, ఒకప్పుడు డిజిటల్‌ రీసెర్చ్‌ ఆఫీసుగా ఉన్న ఇంటి ముందు ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది. అదే ఏడాది మ్యూజియం సీపీ/ఎం తొలి వెర్షన్ల సోర్స్‌ కోడ్‌ను చదువుకోవడానికి ఉచితంగా ఇచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో నడిచే ఉచిత ఎమ్యులేటర్లూ ఉన్నాయి. ఒక సాయంత్రం వేసుకుని చూడండి. ఏ డ్రైవ్‌ ప్రాంప్ట్‌ వస్తుంది. అక్కడ కంట్రోల్‌, సీ కలిపి నొక్కండి. తెర మీద ఏమీ జరగనట్టే ఉంటుంది. ఈలోపు బయోస్‌ డిస్క్‌ మొదటి రెండు ట్రాకులకు వెళ్లి, మిగతా సిస్టమ్‌ను మళ్లీ తెచ్చి, అదే ప్రాంప్ట్‌ ఇంకోసారి చూపిస్తుంది.